దేహానికి కృతజ్ఞత నేర్పే ఎనిమిది వారాల పాఠాలు: ఒక సమీక్ష

ఒక స్నేహితురాలు కానుకగా కొనిచ్చిన ఎనిమిది వారాల ఆడియో పాఠాలను ఈ మధ్యనే పూర్తిచేశాను. సొంత శరీరాన్ని ఆదరంతో చూడటం, అది అనునిత్యం చేసిపెడుతున్న పనులను గుర్తించడం, దానిపట్ల కృతజ్ఞతతో మెలగడం నేర్పుతామని ఆ పాఠాల తొలిపలుకులో ఉంది. రోజుకు దాదాపు 20 నిమిషాల ఆడియో, రాసుకోవడానికి ఒక అచ్చు పుస్తకం, వారానికొకసారి బోధకురాలితో గంటసేపు బృంద సంభాషణ, వీటన్నిటినీ ఒకచోట చూపించే యాప్, వెరసి ఇదీ సేవ. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి పాఠాలు చాలామంది దాదాపు ఇదే మూసలో అమ్ముతున్నారు కనుక, నేను చెప్పబోయే మంచిచెడ్డలు ఒక్కరికే పరిమితమైనవి కావు.

సమీక్ష రాసేవారు ఏ స్థితిలో ఆ వస్తువును చేతిలోకి తీసుకున్నారో తెలియకపోతే వారి తీర్పును తూచడం కష్టం కాబట్టి ముందు నా సంగతి చెబుతాను. నాకు నలభై ఏడేళ్లు. ఏ ఫొటో చేతికి వచ్చినా, అందులో ఎవరెవరున్నారో చూడకముందే నా గడ్డం కింది మడతను వెతుక్కోవడం పాతికేళ్లుగా ఉన్న అలవాటు. ఇది చాలదన్నట్టు రెండేళ్ల కిందట తడినేల మీద జారిపడి కుడి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది గాని, అరచేతిని వెల్లకిలా తిప్పడం మాత్రం ఇప్పటికీ పూర్తిగా సాధ్యపడదు. అంటే శరీరం మీద నాకున్న ఫిర్యాదులు రెండు రకాలు: అది కనిపించే తీరు మీద ఒకటి, పనిచేయని తీరు మీద ఇంకొకటి. పాఠాలు మొదటిదానికి బాగానే మందు వేశాయి. రెండోదాని దగ్గరికి వచ్చేసరికి తడబడ్డాయి. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ తేడా గురించే ఉంటుంది.

మొదటి వారమే ఈ శ్రేణిలో అన్నిటికన్నా బలహీనమైనది. నిలువుటద్దం ముందు పది నిమిషాలు నిలబడి, తల నుంచి పాదాల దాకా ఒక్కొక్క భాగాన్నీ చూస్తూ, 'నిన్ను ప్రేమిస్తున్నాను, నువ్వు అందంగా ఉన్నావు' అని పైకి అనమన్నారు. ఏడు రోజులూ శ్రద్ధగానే చేశాను. మూడో రోజుకు నా ఎడమ భుజం కుడి భుజం కన్నా కొద్దిగా కిందికి ఉందని కనిపెట్టాను. అంతకుముందు ఆ సంగతి నాకు తెలియదు. లేని ఫిర్యాదును కొత్తగా పుట్టించే అభ్యాసాన్ని కృతజ్ఞతా పాఠమని ఎలా అనగలం? నోటితో అంటున్న మాటకూ కంటికి ఆనుతున్న దృశ్యానికీ పొత్తు కుదరనప్పుడు మనసు కంటి పక్షమే వహిస్తుంది. పైగా, తన శరీరాన్ని బయటినుంచి మరొకరి కళ్లతో చూసుకుంటూ ఎల్లవేళలా బేరీజు వేసుకునే అలవాటు మనిషిని సిగ్గుకూ ఆందోళనకూ గురిచేస్తుందని బార్బరా ఫ్రెడ్రిక్‌సన్, టోమీ-ఆన్ రాబర్ట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1997లోనే ఒక సిద్ధాంతంగా ప్రతిపాదించారు. ముఖ్యంగా స్త్రీలను దృష్టిలో పెట్టుకొని వారు చెప్పినది ఇది. అద్దం ముందు నిలబెట్టి పొగడ్తలు వల్లింపజేయడం ఆ అలవాటును మాన్పదు. తిట్టే న్యాయమూర్తిని తప్పించి మెచ్చుకునే న్యాయమూర్తిని కూర్చోబెడుతుంది, అంతే. విచారణ మాత్రం ఆగదు.

అద్దంతో చేసే చికిత్స అసలే లేదని కాదు. ఆహార సంబంధమైన మానసిక రుగ్మతలకు చికిత్స చేసే నిపుణులు రోగిని అద్దం ముందు నిలబెట్టి, మంచిదనీ చెడ్డదనీ అనకుండా, కనిపించినదాన్ని కనిపించినట్టు వర్ణించమంటారు. అక్కడ పక్కన నిపుణులుంటారు, నోట తీర్పు ఉండదు. ఇక్కడ పక్కన ఎవరూ లేరు, నోట ఉన్నదంతా తీర్పే. రెండూ ఒకటేనని పాఠం తయారుచేసినవారు అనుకున్నట్టున్నారు.

రెండో వారంలో స్వరం మారింది. అద్దం పక్కకు పోయింది. కళ్లు మూసుకొని వెల్లకిలా పడుకోమన్నారు. ఎడమ కాలి బొటనవేలితో మొదలుపెట్టి, పాదం, మడమ, పిక్క, మోకాలు అంటూ ధ్యాసను నెమ్మదిగా పైకి నడిపించే ఈ సాధన జాన్ కబాట్-జిన్ 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో ప్రారంభించిన ఒత్తిడి తగ్గింపు కార్యక్రమం ద్వారా ప్రపంచమంతటా తెలిసినది. ఆ ఋణాన్ని పాఠంలో ఒక్క వాక్యంలోనైనా ఒప్పుకున్నందుకు సంతోషించాను. మొదటి మూడు రోజులూ మోకాలు దాటకముందే నిద్రపోయాను. నాలుగో రోజు మెలకువతో ఉండి, బొటనవేలిని కదిలించకుండా దాని ఉనికిని మాత్రమే పట్టుకోవడానికి ప్రయత్నిస్తే, చాలాసేపు అక్కడ ఏమీ దొరకలేదు. తరువాత పక్క వేలి ఒరిపిడి తెలిసింది, ఆ తరువాత దుప్పటి బరువు, ఆ తరువాత గోరు మొదట్లో సన్నని వెచ్చదనం. నలభై ఏడేళ్లుగా నన్ను మోస్తున్న వేలితో నాకు అదే తొలి పరిచయమని చెప్పుకోవడానికి కొంత సిగ్గుగానే ఉంది. ఒక్కొక్క పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉన్నాయని చిన్నప్పుడు బడిలో చదివే ఉంటాను. ఆ లెక్క నా పాదం గురించేనని అప్పుడు తోచినట్టు లేదు.

మూడు, నాలుగు వారాలు ఈ శ్రేణికి ప్రాణం. వీటిలో ఒక పాఠం చేతి గురించి. వేళ్లను ముడిచి చాచే పెద్ద కండరాలు వేళ్లలో లేవు. అవి ముంజేతిలో ఉండి, పొడుగాటి తాళ్లవంటి బంధకాల ద్వారా మణికట్టు మీదుగా వేళ్లను లాగుతాయి. ఇది చెప్పి ఊరుకోకుండా, ఎడమ చేత్తో కుడి ముంజేతిని మోచేతికి కొంచెం కిందుగా పట్టుకొని, కుడి చేతి వేళ్లను ఒక్కొక్కటిగా, పియానో మెట్ల మీద ఆడించినట్టు ఆడించమన్నారు. పట్టుకున్న చేతి కింద చర్మం లోపల ఏదో పాకినట్టు, ఒక్కొక్క వేలికి ఒక్కొక్క చోట, కండ లేచి అణగడం స్పష్టంగా తెలిసింది. చదువుతున్నవారు ఇప్పుడే చేసి చూడవచ్చు; అర నిమిషం పని. అందంగా ఉన్నావని వారం రోజులు అద్దానికి చెప్పినా కలగని ఆశ్చర్యం ఆ అర నిమిషంలో కలిగింది.

దాని తరువాతి రోజు పాఠం చొక్కా బొత్తాము గురించి. కళ్లు మూసుకొని చొక్కా తొడుక్కొని బొత్తాలు పెట్టుకోవాలి. పెట్టుకున్నాను, అందులో కష్టమేమీ లేదు. అప్పుడు పాఠంలోని గొంతు, ఆ కష్టం లేకపోవడం వెనుక ఉన్నదేమిటో చెప్పడం మొదలుపెట్టింది. చూపుడువేలి గోరు అంచు కాజాను వెతుకుతుంది, బొటనవేలు బొత్తామును ఏటవాలుగా వంచుతుంది, రెండో చేయి బట్టను ఎంత బిగువుగా లాగాలో అంతే లాగుతుంది. ఇదంతా జరుగుతున్నంతసేపూ ఏ వేలు గాలిలో ఎక్కడ ఉన్నదో కంటి సాయం లేకుండా మెదడుకు కబురు అందుతూనే ఉంటుంది. కండరాల నుంచీ కీళ్ల నుంచీ వచ్చే ఈ స్థానజ్ఞానం లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇయన్ వాటర్‌మన్ అనే బ్రిటిష్ వ్యక్తి కథను ఎంచుకున్నారు. ఆయనకు 1971లో, 19 ఏళ్ల వయసులో, నరాలను దెబ్బతీసిన జబ్బు చేసి, మెడ దిగువన స్పర్శ, స్థానజ్ఞానం రెండూ పోయాయి. కండరాలను కదిలించే నరాలకు ఏమీ కాలేదు గాని, తన కాళ్లూ చేతులూ ఎక్కడున్నాయో తెలియక ఆయన కదలలేకపోయాడు. తరువాత నెలల తరబడి సాధన చేసి, ప్రతి అవయవాన్నీ కంటితో చూస్తూ, ప్రతి కదలికనూ ముందుగా ఆలోచించుకుంటూ మళ్లీ నడవడం నేర్చుకున్నాడు. దీపం ఆరిపోతే ఆ నడక కూడా పోతుంది. ఈ కథ విన్న తరువాత మళ్లీ కళ్లు మూసుకొని బొత్తాము పట్టుకుంటే చేతులు ఒక్క క్షణం ఆగాయి. ఆ పాఠంలో కృతజ్ఞత అనే మాటే రాలేదు. ఈ శ్రేణి మొత్తంలో నాకు కృతజ్ఞత కలిగిన పాఠం మాత్రం అదే.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. కృతజ్ఞత అన్న పదంలో ఉన్నది కృతం, జ్ఞ: చేసినది, ఎరిగినవాడు. చేసినదాన్ని ఎరిగి ఉండటమే ఆ మాటకు అర్థం. ప్రేమించడం, పొగడటం, పరవశించడం అందులో ఎక్కడా లేవు, తెలుసుకోవడం ఉంది. ఈ పాఠాలు శరీరం చేస్తున్నదేమిటో తెలియజేసిన ప్రతిచోటా నెగ్గాయి, తెలియజేయకుండా భావాన్ని రాబట్టబోయిన ప్రతిచోటా ఓడిపోయాయి. అనువాదపు తెలుగు కూడా ఈ ఓటమికి కొంత తోడ్పడింది. 'మీ కాలేయానికి ధన్యవాదాలు తెలపండి, మీ ఊపిరితిత్తులకు ధన్యవాదాలు తెలపండి' అని వరసగా వింటుంటే, సభ ముగింపులో మైకు పట్టుకొని వందన సమర్పణ చేస్తున్నట్టు అనిపించింది. నా కాలేయం ముందు వరసలో దండతో కూర్చున్నట్టు ఊహించుకొని ఒకసారి నవ్వేశాను కూడా.

రాసుకునే పుస్తకం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే అది ఆడియో కన్నా మెరుగ్గా ఉంది. అందులోని అభ్యాసాలు ఒక్కొక్కటి పదిహేను నిమిషాల రాతపని. శరీరం ఎలా కనిపిస్తుందన్నది పక్కనపెట్టి అది ఏమేమి చేయగలుగుతున్నదో, ఆ పని నాకెందుకు ముఖ్యమో రాయాలి. నెదర్లాండ్స్‌లో జెస్సికా అలేవా బృందం 2015లో ప్రచురించిన అధ్యయనంలో తమ శరీరం మీద అసంతృప్తి ఉన్న యువతుల చేత ఇలాంటి పదిహేను నిమిషాల వ్యాసాలు మూడు రాయించారు. అలా రాసినవారిలో ఆ అసంతృప్తి తగ్గినట్టు కనిపించింది. పుస్తకం ఆ పద్ధతినే అనుసరిస్తుంది: కదలికలు, లోపల జరిగే జీర్ణం, గాయం మానడం వంటి పనులు, ఇంద్రియాలు, సృజన, ఇతరులతో మెలగడం, తనను తాను చూసుకోవడం అని విభాగాలు చేసి ఒక్కొక్కదానికి కొన్ని పేజీలు ఇచ్చారు. ఇతరులతో మెలగడం అన్న విభాగం దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఆ పని శరీరం చేస్తుందని ఎన్నడూ అనుకోలేదు. ఆసుపత్రి వరండాలో ఒకరి భుజం మీద వేసి తీయకుండా ఉంచిన చేయి, ఫోనులో ఒక వార్త చెప్పలేక తడారిపోయిన గొంతు, పసిబిడ్డ పట్టుకుంటే కదపబుద్ధి కాని చూపుడువేలు, ఇవన్నీ రాస్తూ పోతే పదిహేను నిమిషాలు చాలలేదు. గడ్డం కింది మడత ఆ పేజీల్లో ఎక్కడా తగలలేదు. పుస్తకం కాగితం మందంగా ఉంది, సిరా అవతలికి దిగదు. కుట్టు మాత్రం నాసిరకం, ఐదో వారానికే నడిమి పేజీలు ఊడివచ్చాయి.

అంకెల విషయంలో తయారీదారులు కొంచెం అదుపు తప్పారు. గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుందనీ, మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, ఒకటి రెండు లీటర్లు తప్ప తక్కినదంతా తిరిగి రక్తంలోకే పంపుతాయనీ, ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుందనీ ఒకదాని వెంట ఒకటి గుప్పించారు. అన్నీ నిజాలే, కాని ఒక్కొక్కటి ఒక పూటంతా నెమరువేసుకోదగ్గ సంగతి. 180 లీటర్లు ఒక్కటే తీసుకొని, ఆ వడపోత ఆగిపోయినవారు వారానికి మూడుసార్లు యంత్రం పక్కన గంటల తరబడి పడుకొని పొందేది దానిలో కొద్ది భాగమేనని చెప్పి ఉంటే, తక్కిన అంకెలు అక్కరలేకపోయేవి.

వీటి మధ్య ఒక అసత్యం కూడా దొర్లింది. ఏడేళ్లకోసారి శరీరంలోని ప్రతి కణమూ మారిపోతుందనీ, కాబట్టి పాత శరీరంతో పాత తగవులు వదిలేయాలనీ నాలుగో వారం చివర చెప్పారు. వినడానికి బాగుంటుంది గాని అది నిజం కాదు. చర్మం పైపొర వారాల్లో మారుతుంది, పేగు లోపలి పొర రోజుల్లోనే మారుతుంది. మెదడు పైపొరలోని నాడీకణాల్లో అత్యధిక భాగం మనతో పుట్టి మనతోనే పోతాయి. పంటి పైని ఎనామిల్ అరిగితే మళ్లీ పుట్టదు. కంటి కటకం నట్టనడుమ ఉన్న పోగులు తల్లి గర్భంలో ఉండగానే ఏర్పడి, ఆ తరువాత మారకుండా అలాగే ఉండిపోతాయి. నలభై దాటాక ఆ కటకం బిరుసెక్కి దగ్గరి అక్షరాలు మసకబారుతాయి. నేను కళ్లజోడు పెట్టుకున్నది అందుకే. ఆ జోడును ముసలితనపు గుర్తుగా చూసి చికాకుపడటం నాకు అలవాటు. పుట్టకముందే తయారై, మా అమ్మ ముఖాన్ని మొదటిసారి నాకు చూపించిన ఆ పోగులే ఇప్పుడు ఈ వాక్యాన్ని కూడా చూపిస్తున్నాయని తెలిసిన తరువాత ఆ చికాకు కొంత సడలింది. అబద్ధం చెప్పి పాత శరీరాన్ని వదిలించబోయారు. నిజం చెప్పి ఉంటే దాని విలువ తెలిసేది.

ఐదో వారం ఇతరులతో పోల్చుకోవడం గురించి. కొలమానం దొరకని చోట మనిషి తోటిమనిషితో పోల్చుకొని తన స్థానం తెలుసుకుంటాడని 1954లో లియాన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన మాటతో మొదలుపెట్టి, తళతళలాడే చిత్రాల గురించి అందరూ చెప్పేదే చెప్పారు. కొత్తదనం ఉన్నది బీఎంఐ అనే బరువు సూచిక పాఠంలో. కిలోల బరువును మీటర్ల ఎత్తు వర్గంతో భాగించే ఆ లెక్కను 1830లలో రూపొందించిన అడాల్ఫ్ కెట్లే వైద్యుడు కాడు. సగటు మనిషి కోసం జనసమూహాలను కొలిచిన బెల్జియం గణాంకవేత్త. దానికి ఇప్పుడున్న పేరు స్థిరపడింది 1972లో, ఆన్సెల్ కీస్ బృందం రాసిన వ్యాసంతో. కొవ్వుకూ కండకూ తేడా తెలియని ఒక భాగహారాన్ని మనిషి విలువకు కొలబద్ద చేసుకోవద్దని పాఠం హెచ్చరించింది. ఆ లెక్కకు వైద్యంలో కొంత ప్రయోజనం ఉన్న మాటను కూడా దాచకుండా చెప్పారు.

అంత చక్కగా చెప్పిన పాఠం ముగిసిన మరుక్షణం యాప్ తెర మీద ఒక ప్రకటన వచ్చింది: అదే సంస్థవారి పన్నెండు వారాల బరువు తగ్గింపు పథకం, ఈ పాఠాలు కొన్నవారికి ప్రత్యేక రాయితీ. నా బరువు, ఎత్తు నింపమని రెండు గడులు కూడా ఉన్నాయి. మూసేసే గుర్తు మూలన బూడిదరంగులో, వేలికి దొరకనంత చిన్నదిగా ఉంది. దీని గురించి రాస్తే, ప్రకటనలను యాప్ తనంతట తానే చూపిస్తుందనీ, పాఠాల బృందానికి సంబంధం లేదనీ జవాబు వచ్చింది. ఒక చేత్తో పుండుకు మందు రాస్తూ ఇంకో చేత్తో గోకేవారు ఆ రెండు చేతులకూ సంబంధం లేదంటే ఏమనగలం? ఈ సేవలో నేను క్షమించలేకపోయినది ఇదొక్కటే.

ఆరో వారం కోసం నేను ఎదురుచూశాను. నొప్పిలో, జబ్బులో ఉన్న శరీరం గురించి అని విషయసూచికలో ఉంది. తీరా వింటే, పనిచేయని భాగాన్ని వదిలి పనిచేస్తున్న భాగాల మీద ధ్యాస నిలపమన్న ఒక్క సలహానే ఏడు రోజులు ఏడు విధాలుగా చెప్పారు. ఆ వారపు బృంద సంభాషణలో, కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయిన ఒక ఆవిడ బొత్తాము పాఠం తనను ఎంత బాధపెట్టిందో నెమ్మదిగా చెప్పారు. 'మీరందరూ కళ్లు మూసుకొని పెట్టుకుంటున్నారు, నాకు కళ్లు తెరిచినా కుదరదు. నా వేళ్లకు నేనేమని చెప్పాలి?' అని అడిగారు. బోధకురాలు సౌమ్యంగానే, 'మీ కళ్లు బాగున్నాయి కదండీ, వాటికి కృతజ్ఞతలు చెప్పండి' అన్నారు. ఆవిడ సరేనన్నారు. తరువాతి వారం రాలేదు.

శరీరం చేసే పనుల మీద ఆధారపడిన కృతజ్ఞతకు ఉన్న లోటు ఇదే. రూపానికి మార్కులు వేయడం మానిపించి పనికి మార్కులు వేయిస్తే, పని ఆగిన రోజు ఆ అవయవం మళ్లీ తప్పినవారి జాబితాలోకే వెళుతుంది. ఇంతకన్నా మెరుగైన పాఠం సాధ్యమేనని నా మణికట్టు చెబుతుంది. ఆరు వారాల తరువాత పిండికట్టు విప్పినప్పుడు లోపలినుంచి బయటపడ్డ చేయి సన్నగా, పొలుసులు కట్టి, ఎవరిదో అన్నట్టు ఉంది. దాన్ని చూడటానికే మనసొప్పలేదు. ఆ ఆరు వారాలూ నేను దాని మీద విసుక్కుంటూనే గడిపాను. లోపల మాత్రం విరిగినచోట నెత్తురు గడ్డకట్టి, ఆ గడ్డ మీద మెత్తని అతుకు పుట్టి, అది గట్టిపడి ఎముకగా మారింది. అవసరానికి మించి పేరుకున్న ఎముకను కరిగించి, బరువు పడే చోట నింపే పని నెలల తరబడి సాగింది. నేను విసుక్కున్నానని ఒక్క కణమూ పని మానలేదు. ఇప్పుడు ఆ చేయి నిండు బిందెను ఎత్తలేదు, అరచేయి పూర్తిగా వెల్లకిల పడదు. చేయలేనిదాన్ని చేయగలదని బుకాయించకుండానే, అది ఏం చేసి ఈ స్థితికి వచ్చిందో ఎరిగి ఉండవచ్చు. కీళ్లవాతంలో శరీరపు రక్షణ వ్యవస్థే పొరబడి సొంత కీళ్ల మీదికి వస్తుంది కనుక నా మాట ఆవిడకు అలాగే సరిపోకపోవచ్చు. కాని వంకరపోయిన వేళ్లతోనే ఆవిడ ఆ రోజు యాప్ తెరిచి, మాట్లాడటానికి చేయి ఎత్తారు. ఆ సంగతి అక్కడ ఎవరికైనా తట్టి ఉండవలసింది. నాకు కూడా రెండు రోజుల తరువాతే తట్టింది.

ఏడు, ఎనిమిది వారాలు చెప్పుకోదగ్గవి కావు. శరీరానికి ఉత్తరం రాయడం, పాత పాఠాలను మళ్లీ వినడం, చివర ఒక ప్రశంసాపత్రం. మొదటి రోజు, చివరి రోజు ఒకే ప్రశ్నావళి నింపించారు. మనిషి తన శరీరాన్ని ఎంత ఆదరంతో చూస్తున్నాడో కొలవడానికి ట్రేసీ టిల్కా, నికోల్ వుడ్-బార్కలో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2015లో ప్రచురించిన పది వాక్యాల కొలమానం అది. ఒక్కొక్కదానికి ఒకటి నుంచి ఐదు దాకా వేసుకొని సగటు తీయాలి. నాది 2.6 నుంచి 3.3కి పెరిగింది. ఎనిమిది వారాలు కష్టపడి వచ్చినవారు ఫలితం కనబడాలని కోరుకుంటారు కాబట్టి ఈ పెరుగుదలలో కొంత నా కోరికే అయి ఉంటుంది. అంతకన్నా నమ్మదగిన సాక్ష్యం ఇంకొకటి ఉంది. గత నెల ఒక వేడుక ఫొటోలు వచ్చినప్పుడు గడ్డం కింది మడతనే మళ్లీ ముందు వెతికాను, కాని దొరికాక అక్కడే ఆగిపోకుండా పక్కన నిలబడ్డవారిని చూశాను. ఇంతకన్నా గొప్ప మార్పు జరిగిందని చెప్పలేను.

కొనదలచినవారికి నా సలహా ఇది. తిండి విషయంలో, ఆకృతి విషయంలో రోజులు స్తంభించిపోయేంత వేదన ఉన్నవారు దీన్ని చికిత్సకు బదులుగా కొనవద్దు. ముందు మానసిక వైద్యులను కలవాలి. శరీరం మీద దాడి జరిగిన అనుభవం ఉన్నవారికి కళ్లు మూసుకొని లోపలికి చూసే సాధన పాత భయాన్ని తిరగతోడవచ్చు కనుక ఒంటరిగా మొదలుపెట్టకపోవడమే మంచిది. ఈ హెచ్చరిక పాఠాల మొదట్లోనే ఉండాలి, ఎక్కడా లేదు. మామూలు అసంతృప్తితో వచ్చేవారు మాత్రం మొదటి వారం వదిలేసి రెండోదానితో మొదలుపెట్టవచ్చు. యాప్‌లో బరువు, ఎత్తు అడిగే గడులను ఖాళీగా ఉంచినా పాఠాలు నడుస్తాయి. పుస్తకాన్ని విడిగా అమ్మితే అది ఒక్కటి కొన్నా చాలు, కుట్టు ఎక్కడైనా మళ్లీ వేయించుకోవచ్చు. ఏడేళ్ల కణాల మాట తప్పని నేను రాసిన ఉత్తరానికి, తరువాతి కూర్పులో సవరిస్తామని జవాబిచ్చారు. నిన్న మళ్లీ విన్నాను. ఆ వాక్యం ఇంకా అక్కడే ఉంది.